ఊయల ఎక్కడానికి వయసెంత ఉండాలి?

ఈసారి ప్రశ్నలన్నీ వీధుల్లో, కూడళ్లలో, పార్కుల్లో జనం ముట్టుకుని, ఎక్కి, ఊగి ఆడుకునే కళాకృతుల గురించి. జవాబులు చెబుతున్నది చాలా ఏళ్లుగా ఇనుముతో, గొలుసులతో అలాంటివి తయారుచేస్తున్న శిల్పి.

ప్రశ్న: మేడమ్, నాకు అరవై దాటాయి. ఈమధ్య మనవరాలిని తీసుకుని బయటికి వెళ్తే ఒక కూడలిలో వరసగా గుండ్రటి ఊయలలు కనిపించాయి. ఊగుతుంటే రంగు మారుతున్నాయి. ఎక్కాలని ప్రాణం లాగింది కానీ, నలుగురూ చూస్తారని సిగ్గేసి ఆగిపోయాను. ఇవి పిల్లల కోసమేనా, మాలాంటివాళ్లు కూడా ఎక్కొచ్చా? – ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: ఎక్కేయండి మాస్టారూ. సీటు ఎత్తు చూస్తే అది ఎవరికోసమో ఇట్టే తెలిసిపోతుంది. చిన్నపిల్లల ఊయల సీటు బాగా కిందికి ఉంటుంది, అందులో మనం కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యందించాలి. కుర్చీ ఎత్తులో ఉందంటే, పెట్టినవాళ్లు మీ మోకాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నట్టే. మీరు చెప్పిన రకం ఊయలలు 2014లో అమెరికాలోని బోస్టన్‌లో బాగా పేరు తెచ్చుకున్నాయి. హోవెలర్, యూన్ అనే ఆర్కిటెక్టుల జంట 20 ఊయలలు కట్టించింది. చిన్నవాళ్లకూ పెద్దవాళ్లకూ సరిపోయేలా మూడు సైజులు. ఖాళీగా ఉంటే తెల్లటి వెలుగు, ఊగితే ఊదారంగు.

నాకు వీటికన్నా ఇష్టమైనవి ఇంకో చోటివి. 2011లో కెనడాలోని మాంట్రియల్‌లో, మూనా ఆంద్రావోస్, మెలిస్సా మోంజియా అనే ఇద్దరు నడిపే స్టూడియో ఒక నడకదారి పక్కన 21 ఊయలలు పెట్టింది. ఒక్కరే ఊగితే కొన్ని స్వరాలు పలుకుతాయి, అంతే. పక్క ఊయల వాళ్లతో కలిసి ఒకే లయలో ఊగితే, అప్పటిదాకా వినపడని బాణీ బయటికొస్తుంది. అంటే, పాట మొత్తం వినాలంటే ముక్కూ మొహం తెలియని మనిషితో జట్టు కట్టాల్సిందే. ఈ పనిలో వాళ్లు ఒక జీవశాస్త్రవేత్తను కూడా కలుపుకున్నారు. లూక్ అలాన్ జిరాల్డో అని, జంతువులు గుంపులో ఎలా ప్రవర్తిస్తాయో చదివిన మనిషి.

ఇందులో పైకి కనపడని తెలివి ఒకటుంది. ఊయల వెళ్లి రావడానికి పట్టే సమయం మనిషి బరువు మీద ఆధారపడదు, గొలుసు పొడవు మీద ఆధారపడుతుంది. రెండు మీటర్ల గొలుసైతే ఒకసారి వెళ్లి రావడానికి మూడు సెకన్లకు కొంచెం తక్కువ పడుతుంది. 20 కిలోల మనవరాలికీ, 80 కిలోల తాతయ్యకూ దాదాపు అంతే. అందుకే ఎవరితో ఎవరికైనా లయ కుదురుతుంది. తూగుబల్ల మీద ఈ వేషాలు కుదరవు, బరువైనవాడు కిందే కూర్చుంటాడు. కాబట్టి మీరూ మనవరాలూ పక్కపక్కన ఎక్కండి. నలుగురూ చూస్తారా, చూడనివ్వండి. పెద్దవాళ్లు ఒకరు ఎక్కితే చాలు, వెనకాలే ఇంకో నలుగురు వస్తారు. అలా మొదటివాళ్లు ఎప్పుడు ఎక్కుతారా అని దూరంగా నిలబడి చూడటం నా పనిలో నాకు దక్కే అసలు జీతం.

ప్రశ్న: మా అబ్బాయికి అయిదేళ్లు. ఇలాంటివి కనిపిస్తే చాలు, చెయ్యి విడిపించుకుని పరిగెడతాడు. నాకేమో ఒకటే టెన్షన్. ఇవి నిజంగా భద్రంగానే ఉంటాయా? – ఒక అమ్మ

జవాబు: అన్నీ ఉండవు తల్లీ. కాబట్టి మీ కళ్లతో చూడాల్సినవి చెబుతాను.

మొదట సందులు. పిల్లల ఆటస్థలాల ప్రమాణాల్లో 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య సందు అంటే మాకు భయం. అందులోంచి పిల్లాడి ఒళ్లు దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది. మీ పిడికిలి పట్టేంత నుంచి జానెడు దాకా ఖాళీ ఉందంటే అనుమానించండి. అంచులకైతే మా వర్క్‌షాపులో చిన్న పద్ధతి ఉంది. రుద్దడం అయిపోయాక దూది ముద్ద తీసుకుని ఇనుము అంచంతా రాస్తాం. ఎక్కడ దూది పోగు చిక్కుకుందో అక్కడ కంటికి కనపడని ముల్లు ఉన్నట్టు. మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. చేత్తో తడిమి బాగుందనుకున్న చోట కూడా దూది పట్టేసిన రోజులున్నాయి.

ఊయలల్లో అసలు అరుగుదల ఎక్కడుంటుందో తెలుసా? పైన గొలుసు వేలాడే కొక్కెం లోపలి వంపులో. ఇనుము మీద ఇనుము రాసుకుని గాడి పడుతుంది. గొలుసు దానిమీదే కూర్చుని ఉంటుంది కాబట్టి కింద నుంచి ఎంత మెడ సాచినా ఆ గాడి కనపడదు. నిచ్చెన ఎక్కి, గొలుసు ఎత్తిపట్టి, వంపులో వేలు పెట్టి చూడాలి. వేలికి మెట్టులా తగిలిందంటే కొక్కెం మార్చే వేళయినట్టే. మీరు నిచ్చెన ఎక్కక్కర్లేదు కానీ, పక్కన బోర్డు ఉంటే చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో చూడండి. కీచుమంటుంటే ఆ సాయంత్రానికి వేరే ఆట చూపించండి.

అన్నిటికంటే నేను భయపడేది గాలికి. 2006 జులైలో ఇంగ్లండ్‌లోని చెస్టర్ లె స్ట్రీట్‌లో, జనం లోపలికి వెళ్లి తిరిగేలా గాలి నింపి నిలబెట్టిన పెద్ద కళాకృతి ఒకటి కట్లు తెంచుకుని పైకి లేచింది. ఇద్దరు మహిళలు చనిపోయారు. 1991లో క్రిస్టో, జాన్ క్లాడ్ దంపతులు కాలిఫోర్నియాలో పసుపు గొడుగులు, జపాన్‌లో నీలం గొడుగులు, మొత్తం 3,100 నిలబెట్టారు. కాలిఫోర్నియాలో ఒక గొడుగు ఈదురుగాలికి వేళ్లతో సహా లేచి ఒకామె ప్రాణం తీసింది. ఒక్కో గొడుగు సుమారు 200 కిలోలు. క్రిస్టో రెండు దేశాల్లోనూ వెంటనే అన్నీ మూయించాడు. అందుకే చెబుతున్నా, గాలి దుమారం ఉన్న రోజున గాలి నింపినవి, గుడ్డ కట్టినవి, పైన వేలాడేవి ఎంత అందంగా ఉన్నా దగ్గరికి వెళ్లొద్దు. గాలి ఎక్కువైతే మూసేసే మనిషి అక్కడ ఉన్నాడా అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న.

ఇంత విని వాడిని ఇంట్లో కూర్చోబెట్టకండి. కాస్త దొర్లితే, మోకాలు గీరుకుంటే ఫరవాలేదు. తల ఇరుక్కోవడం, వేలు నలగడం, బొమ్మ మీద పడటం, ఈ మూడూ జరగకూడదు.

ప్రశ్న: నేను ఒక నగరపాలక సంస్థలో ఇంజినీరుని. స్టాక్‌హోమ్‌లో మెట్ల మీద పియానో మీటలు అమర్చితే జనం ఎస్కలేటర్ మానేసి మెట్లెక్కారని వీడియో చూపించి, మన దగ్గరా పెడదాం అంటున్నారు. నిజంగా పనిచేస్తుందా?

జవాబు: ఆ మెట్లు నిజమే. 2009లో ఓడెన్‌ప్లాన్ మెట్రో స్టేషన్‌లో పెట్టారు. మామూలు కంటే 66 శాతం ఎక్కువమంది మెట్లెక్కారని వీడియోలోనే చెప్పారు. అయితే అది ఒక కార్ల కంపెనీ ప్రచారం కోసం తీయించిన వీడియో అని, ఆ మెట్లు కొద్దికాలానికే తీసేశారని మీకు చూపించినవాళ్లు చెప్పారా? కొత్తదాన్ని చూసి జనం ఎగబడటం వేరు, అలవాటు మారడం వేరు. రోజూ అదే దారిన ఆఫీసుకెళ్లే మనిషికి రెండో వారానికి ఆ సరిగమలు చెవికెక్కవు. పక్కనే టికెట్ కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగి సంగతి వేరే చెప్పాలా!

పాడే మెట్లే కావాలంటే క్రొయేషియాలోని జాదర్ వైపు చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సముద్రపు ఒడ్డును తర్వాత కాంక్రీటు గోడలా కట్టేశారు. 2005లో నికోలా బాషిచ్ అనే ఆర్కిటెక్టు అక్కడ దాదాపు 70 మీటర్ల పొడవునా నీళ్లలోకి దిగే మెట్లు కట్టాడు. మెట్ల కింద 35 గొట్టాలు. అల వచ్చి గొట్టంలో గాలిని నెడుతుంది, పైన రంధ్రాల్లోంచి స్వరం వస్తుంది. స్విచ్చి లేదు, కరెంటు బిల్లు లేదు. ఏ రెండు అలలూ ఒక్కలా ఉండవు కాబట్టి ఏ పాటా రెండోసారి రాదు. రోజూ వచ్చి కూర్చునేవాళ్లకు కూడా విసుగు రానిది అందుకే. తర్వాతి ఏడాది దానికి యూరప్ స్థాయిలో బహిరంగ స్థలాలకిచ్చే బహుమతి కూడా వచ్చింది.

ఇంకొక మాట, ఇంజినీరు గారూ, మీ ఫైల్లో "ప్రజల అలవాట్లు మార్చుట" అని ప్రయోజనం రాయకండి. ఆర్నెల్లు తిరక్కముందే ఆడిట్‌వాళ్లు అదెక్కడ మారిందని అడుగుతారు. "కూర్చోవడానికి, ఆగడానికి చోటు" అని రాయండి. అది లెక్క చూపించగలరు.

ప్రశ్న: ఇప్పుడు ఇంటరాక్టివ్ అంటే సెన్సర్లు, ప్రొజెక్టర్లు, ఎల్‌ఈడీలు లేకుండా ఎవరూ మాట్లాడటం లేదు. కోడింగ్ రాకపోతే ఈ రంగంలో పనికిరామా మేడమ్? – ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని

జవాబు: ఎవరమ్మా అలా అన్నది? 2019 జులైలో అమెరికా, మెక్సికో సరిహద్దు కంచె ఊచల మధ్యలోంచి రొనాల్డ్ రాయెల్, వర్జీనియా శాన్ ఫ్రాటెల్లో అనే ఇద్దరు మూడు గులాబీ రంగు తూగుబల్లలు దూర్చారు. ఇటు ఒక దేశం పిల్లలు, అటు ఇంకో దేశం పిల్లలు. ఉన్నది గంటలోపే. అందులో ఒక్క వైరు లేదు. ఇటువైపు లేస్తే అటువైపు కిందికి దిగుతుంది, విషయమంతా ఆ కదలికలోనే ఉంది. లండన్‌లోని డిజైన్ మ్యూజియం 2020 సంవత్సరానికి మేటి డిజైన్‌గా దాన్నే ఎంచింది.

టెక్నాలజీ వాడితే ఎలా వాడాలో కూడా చెబుతాను. 2013లో బ్రిస్టల్‌లో 'హలో లాంప్ పోస్ట్' అని ఒకటి చేశారు. దీపస్తంభాలకు, పోస్టు డబ్బాలకు మరమ్మతుల కోసమని ఎప్పటినుంచో నంబర్లు ఉంటాయి కదా. ఆ నంబరుతో మెసేజ్ పెడితే స్తంభం తిరిగి పలకరించేది, ప్రశ్నలు అడిగేది. వీధిలో కొత్తగా ఒక్క మేకు కూడా కొట్టలేదు. జనం చేతిలో ఉన్న ఫోను, స్తంభం మీద ఉన్న నంబరు, ఈ రెండే సరుకు. కోడింగ్ కంటే ముందు ఆ చూపు ఉండాలి. ఎల్‌ఈడీలు ఎన్ని పెట్టినా ఆ చూపు లేకపోతే పైన పటారం, లోన లొటారం. నువ్వు వెల్డింగ్ నేర్చుకో, అది మాత్రం తప్పకుండా అక్కరకొస్తుంది.

ప్రశ్న: ఎంత మంచి వస్తువు పెట్టినా మన జనం పాడుచేస్తారు. గీతలు గీస్తారు, విరగ్గొడతారు. ఎందుకీ ఆరాటం?

జవాబు: "మన జనం" అనకండి, జనం ఎక్కడైనా జనమే. 2024 మే నెలలో న్యూయార్క్‌లో ఒకటి, డబ్లిన్‌లో ఒకటి, గుండ్రటి పెద్ద తెరలు పెట్టారు. లిథువేనియాకు చెందిన బెనెడిక్టాస్ గిలిస్ ఆలోచన. ఈ ఊరి వీధి ఆ ఊరివాళ్లకు అప్పటికప్పుడు కనిపించేది, మాట మాత్రం వినపడేది కాదు. మొదట్లో చేతులూపుకున్నారు, డాన్సులు చేశారు. వారం తిరక్కముందే కొందరు బట్టలు తొలగించి చూపించడం, అవతలివాళ్లను గాయపరిచే ఫొటోలు ఫోన్లో పెట్టి చూపించడం మొదలైంది. ఆపేశారు. కొద్దిరోజులకు మళ్లీ తెరిచారు. ఈసారి వేళలు పెట్టారు, ఎవరైనా మరీ దగ్గరికొచ్చి కెమెరాకు అడ్డం పెడితే బొమ్మ మసకబారేలా మార్చారు. నాకు ఆ మార్పు నచ్చింది. అల్లరి చేసేవాడి మీద కేకలు వెయ్యలేదు, వాడికి ప్రేక్షకులు లేకుండా చేశారు.

కొన్నిసార్లు జనం చేసిన అల్లరే కళాకృతి అవుతుంది. గ్లాస్గోలో గుర్రం మీద వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం ఉంది. దాని తలకు ఎవరో రోడ్డు మీది ట్రాఫిక్ కోన్ తొడిగారు. తీస్తే మళ్లీ తొడుగుతారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. 2013లో నగర కౌన్సిల్ 65,000 పౌండ్లు పెట్టి, ఎవరికీ అందకుండా దిమ్మె ఎత్తు పెంచుదామనుకుంది. జనం గోలగోల చేసేసరికి వెనక్కి తగ్గింది. డ్యూక్‌గారు టోపీతోనే ఉన్నారు.

ప్రశ్న: పిల్లలు నీళ్లలో గెంతడం, జారుడుబల్ల జారడం, ఇది శిల్పకళా? నవ్వొస్తోంది. – ఒక కళాభిమాని

జవాబు: నవ్వండి, మంచిదే. చికాగో మిలీనియం పార్కులో జావుమే ప్లెన్సా 2004లో రెండు గాజు ఇటుకల స్తంభాలు కట్టాడు. ఒక్కోటి 50 అడుగులు. వాటిమీద ఆ నగరంలోని 1,000 మంది మామూలు మనుషుల ముఖాలు వంతులవారీగా కనిపిస్తాయి. ఆ ముఖం మెల్లగా పెదాలు సున్నాలా చుడుతుంది. కింద పిల్లలకు అది తెలుసు, అరుస్తూ సరిగ్గా నోటి కిందికి చేరతారు. నీళ్లు దూకుతాయి. ఆ పెదాలు కదలడానికీ నీళ్లు పడటానికీ మధ్య పిల్లల మొహాల్లో ఉండే ఆత్రం ఏ మ్యూజియంలోనూ నేను చూడలేదు.

ఇసాము నోగుచి అని మహాశిల్పి. నేలనే కొండలా మలిచి పిల్లలు ఎక్కి జారేలా 'ప్లే మౌంటెన్' అనే నమూనా 1933లో తయారుచేశాడు. న్యూయార్క్ పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ దాన్ని తోసిపుచ్చాడు. నోగుచి ఆ ఆలోచన వదల్లేదు. ఆయన 1988లో పోయాక, జపాన్‌లోని సప్పొరోలో ఆయన గీసిన మొయెరెనుమా పార్కు 2005లో పూర్తయింది. అందులో పిల్లలెక్కే ఆ కొండ ఉంది. మీలాంటి నవ్వు ఆయనా చాలా విన్నాడు.

ప్రశ్న: కొద్దిరోజులకు తీసేసేవాటికి అంత ఖర్చెందుకు?

జవాబు: పెళ్లి పందిరికీ అదే ప్రశ్న వెయ్యొచ్చు. ఇందాక చెప్పిన క్రిస్టో దంపతులే 2005లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు దారుల్లో కాషాయ రంగు పరదాలతో 7,503 ద్వారాలు నిలబెట్టి 16 రోజులకు తీసేశారు. అడగడం మొదలుపెట్టింది 1979లో. ఖర్చంతా వాళ్లదే. తీసేస్తారని తెలిస్తే జనం రేపు చూద్దాంలే అనుకోరు. శాశ్వతంగా ఉండేదానికి ఖర్చు ఎప్పటికీ ఆగదు. అదే చికాగో పార్కులో అద్దంలా మెరిసే ఆనిష్ కపూర్ శిల్పం ఉంది, జనం చిక్కుడుగింజ అని పిలుచుకునేది. అందరూ చేతులు పెట్టే కింది భాగాన్ని రోజుకు రెండుసార్లు తుడుస్తారు. ఆ గుడ్డ పట్టుకునే మనిషికి జీతం ఇవ్వలేని ఊరు తాత్కాలికంగా పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న: మా కాలనీలో ఖాళీ స్థలం ఉంది. పది మందిమి కుర్రాళ్లం కలిసి ఏదో ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి అక్కా?

జవాబు: డ్రాయింగ్‌తో మొదలుపెట్టకండి తమ్ముడూ. ముందు ఆ స్థలంలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కూర్చోండి. ఎవరు అడ్డంగా నడిచి వెళ్తున్నారు, ముసలివాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, నీడ ఎటు జరుగుతోంది, చూడండి. జనం ఇప్పటికే చేస్తున్న పనికి తోడుగా ఏదైనా పెట్టండి, వాళ్లను దారి మళ్లించొద్దు. మీ దగ్గర డబ్బులు ఉండవు కాబట్టి మొదట సుద్దముక్కతో నేలమీద గీసి చూడండి. తొక్కుడు బిళ్ల గళ్లు వెయ్యండి, చిత్రమైన దారి గియ్యండి. పెద్దవాళ్లు చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గెంతితే మీ ఆలోచన పనిచేస్తున్నట్టు. పక్కకు తప్పుకుని పోతే చెరిపేసి ఇంకోటి గియ్యండి.

బెంచీ చేసే ఓపిక ఉంటే, డెన్మార్క్ కళాకారుడు యెప్పె హైన్ చేసిన వంకర బెంచీల ఫొటోలు వెతికి చూడండి. మధ్యలో కుంగిన బెంచీ, మెలి తిరిగిన బెంచీ. కుంగినదాని మీద ఇద్దరు కూర్చుంటే జారి పక్కపక్కకు వచ్చేస్తారు, ఇక మాట్లాడుకోక తప్పదు. దానికి కావాల్సింది చెక్క, ఇనుము, ఒక మంచి వెల్డరు.

స్థలం ఎవరిదో కనుక్కుని కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతి తొలి ఫిర్యాదు రాగానే మాయమవుతుంది. ఆ తర్వాత, మీ పదిమందిలో నెలకోసారి స్పానర్ పట్టుకుని బోల్టులు బిగించేది ఎవరో తేల్చుకోండి. అందరం చేస్తాం అంటే ఎవరూ చెయ్యరు. ఆ ఒక్కరి పేరు రాసి డ్రాయింగ్‌తో పాటు పంపితే, కొలతలు నేను చూసి పెడతాను.